సంత ఒరియాతో చిలికాకు

తొమ్మిదేళ్ళ వయసులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ముంచింగిపుట్టు సంతలో ఎండుచేపలు అమ్మే ఆమెకు మాట తిప్పి చెప్పడమే ఆ ఉద్యోగం.

మాది అసలు పార్వతీపురం దగ్గర పల్లెటూరు. నాన్న ముంచింగిపుట్టులో మిషన్ స్కూలు టీచరు. ఇంగ్లీషూ సోషలూ చెప్పేవాడు. ఆదివారం పాస్టరుగారు రాలేకపోతే ప్రార్థన కూడా ఆయనే నడిపేవాడు. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ మలేరియాతో పోయింది. అప్పటినుంచి స్కూలు వెనక రెండు గదుల క్వార్టర్లో నాన్నా నేనూ మిగిలాం. నాన్న మంచివాడే గాని మాట పొదుపు. బళ్ళో రోజంతా గట్టిగా చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర ఇంక మాటలు మిగిలేవి కావు.

బడిపిల్లలు చుట్టుపక్కల గూడేలవాళ్ళు, హాస్టల్లో ఉండేవారు. సాయంత్రం గ్రౌండులో వాళ్ళ భాషల్లో వాళ్ళు ఆడుకునేవారు. మేం కొండ కిందనుంచి వచ్చినవాళ్ళం, పైగా నేను సారుగారి కూతుర్ని. నన్ను ఆటలోకి రానివ్వకూడదని ఎవరూ అనుకోలేదు. పిలవాలని కూడా ఎవరికీ తోచలేదు. నేను మెట్ల మీద కూర్చుని వాళ్ళ మాటలు వింటూ ఉండేదాన్ని. ఆ కొండల్లో ఒక్కో తెగకు ఒక్కో మాట ఉన్నా, అందరూ అందరితో మాట్లాడేది ఆదివాసీ ఒరియాలోనే. ఎవరూ నేర్పకుండానే, ఎవరితోనూ మాట్లాడకుండానే, నాకది వచ్చేసింది. నాకు వచ్చని మొదటిసారి బయటపడింది సంతలోనే.

ఎండుచేపలామె సముద్రం ఒడ్డు ఊరినుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నెత్తళ్ళు, రొయ్యపొట్టు, పొడుగాటి ఎండు సావిడాయిలు టార్పాలిన్ మీద పోసుకుని కూర్చునేది. ఆమెకు ఒరియా రాదు. కొండల మీదినుంచి దిగివచ్చే ఆడవాళ్ళకు ఆమె తెలుగు అర్థం కాదు. ఒకరోజు ఒకావిడ నెత్తళ్ళు చేతిలోకి తీసుకుని ఏదో అడుగుతుంటే ఈమె బిక్కమొహం వేసింది. నేను పక్కనే నిలబడి, "ఉప్పెక్కువేసినారా అని అడుగుతంది" అన్నాను.

"ఓలమ్మోలమ్మ! ఈ గుంటకి ఆల మాటొచ్చీసినాదే! రా, ఇలా నా పక్కన కూకో. సంద్రం సేపకి ఉప్పెక్కువేటి, దాని ఒల్లే ఉప్పని సెప్పు."

చెప్పాను. కొనే ఆవిడ నవ్వింది. ఆమె మాటకు నవ్వినా, నా వైపు చూసి నవ్వింది. అది నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తు. ఆ రోజు మొదలు మూడేళ్ళపాటు ప్రతి సంతకూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

టార్పాలిన్ గాలికి లేవకుండా మూడు మూలల్లో రాళ్ళు పెట్టేది. నాలుగో మూల మాత్రం ఒక ఎముక ఉండేది. గుండ్రంగా, అరచేతంత, పక్కలకు రెక్కల్లా సాగి ఉండేది.

"ఏటిది?" అనడిగాను ఒకసారి.

ఆమె ఏదో పేరు చెప్పింది. ఆ పేరు నాకిప్పుడు గుర్తు లేదు. తర్వాత తీరం వెంట చాలామందిని అడిగాను, వాళ్ళు చెప్పిన పేర్లలో ఆమె చెప్పింది ఏదో తేల్చుకోలేకపోయాను. కాని ఆ తర్వాత ఆమె అన్న మాటలు మాత్రం మర్చిపోలేదు.

"సేపనాగుంటాది గాని సేప కాదే. మనకినాగే ఊపిరి తీసుకుంటాది. ఉండేదేమో నీల్లలోన. నీల్లలోన ఊపిరాడదు. పైకొచ్చి తీసుకుని మల్లా కిందకెల్లిపోవాల. అలాటి బతుకు దానిది."

మూడో ఏడు వానలు వెలిసి సంత మళ్ళీ నిండుగా సాగేసరికి ఆమె రాలేదు. తర్వాత వారమూ రాలేదు. ఆమె కూర్చునే చోట ఎవరో అల్యూమినియం గిన్నెలు పెట్టుకున్నారు. ఎవరిని అడగాలో తెలియలేదు. మూడేళ్ళు ఆమె మాట అందరికీ చేరవేశాను గాని, నీది ఏ ఊరు అని నేనెప్పుడూ అడగలేదు.

హైస్కూలుకు నాన్న నన్ను అరకు హాస్టల్లో చేర్పించాడు. అక్కణ్ణుంచి డిగ్రీకీ ఎమ్మెస్సీకీ విశాఖ వెళ్ళాను. రైల్లో సొరంగాలన్నీ దాటి కిందికి దిగుతుంటే చెవులు గుయ్యిమనేవి. సముద్రం మొదటిసారి చూసినప్పుడు నాకేమీ అనిపించలేదన్నది నిజం. బీచిలో అందరూ ఎవరో ఒకరితో వచ్చి ఉన్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి, కాళ్ళకు ఇసుకతోనే హాస్టలుకు తిరిగి వచ్చేశాను. అయినా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళేదాన్ని. ఒక్కదాన్నే నిలబడటానికి కారణం అడగని చోటు ఊళ్ళో అదొక్కటే.

ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి ఏడు, ప్రాక్టికల్ క్లాసులో మా లెక్చరరు అడిగారు. "చిలికాలో డాల్ఫిన్ల మీద పనిచేసే ఒక మేడమ్‌కు సాయానికి మనిషి కావాలట. జాలర్లతో మాట్లాడాలి. ఒరియా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నేను చెయ్యెత్తాను.

"చదవడం, రాయడం వచ్చా?"

"రాదండీ. మాట్లాడతాను."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"సంతలోనండీ."

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఫోన్ నంబరు రాసిచ్చారు.

చిలికా ఒడిశాలో సముద్రానికి ఆనుకుని ఉన్న పెద్ద ఉప్పునీటి సరస్సు. అందులో ఉండే డాల్ఫిన్లు బొమ్మల్లో చూసే రకం కాదు. వీటికి ముక్కు పొడుచుకు రాదు, తల గుండ్రంగా ఉంటుంది, వీపు మీద రెక్క చాలా చిన్నది. గాల్లోకి ఎగరవు. పైకి వచ్చి ఊపిరి తీసుకుని, నీరు పెద్దగా కదలకుండానే మునిగిపోతాయి.

మేడమ్ వేరే రాష్ట్రం మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. ఆమెకు ఇంగ్లీషూ హిందీ తప్ప ఇక్కడి భాష రాదు. ఆమె పడవ నడిపేవాడు అరవై దాటిన మనిషి. మొదటిరోజు రేవులో నేను నోరు తెరిచి పలకరించగానే ఆయనా, చుట్టూ ఉన్నవాళ్ళూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏ కొండ మీదినుంచి దిగావమ్మా? నా చిన్నప్పుడు అడవినుంచి తేనె అమ్మడానికి వచ్చేవాళ్ళు ఇలా మాట్లాడేవాళ్ళు" అన్నాడు పడవాయన.

నాకు సిగ్గేసింది. కాని ఆ కొండ మాటే నాకు దారి ఇచ్చింది. కాయితాలు పట్టుకుని నగరం ఒరియాలో ప్రశ్నలు వేసేవాళ్ళను చూస్తే జాలర్లు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నన్ను చూస్తే అలా వెళ్ళేవాళ్ళు కాదు. అడవి మనిషివి నీకు నీళ్ళ సంగతి ఏం తెలుసని ఆటపట్టిస్తూనే అన్నీ చెప్పేవాళ్ళు. వలల రకాలు, ఏ నెలలో ఏ చేప ఎటు పోతుంది, డాల్ఫిన్లు చేపల్ని వల వైపు ఎలా తోలుకొస్తాయి, అన్నీ. నేను విని మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పేదాన్ని. నాకు ఈత రాదు. పడవ ఊగినప్పుడల్లా కూర్చున్న పలక గట్టిగా పట్టుకునేదాన్ని. అయినా ఆ ఆరు నెలలూ, నా మాట కోసం మనుషులు ఎదురుచూసిన రోజులు.

ప్రతి జాలరినీ అడగాల్సిన ప్రశ్నల్లో ఆఖరిది: ఈ ఏడాది మీ వలలో డాల్ఫిన్ పడి చనిపోయిందా? అందరూ లేదనేవాళ్ళు. చట్టం గట్టిది, అటవీశాఖ వాళ్ళంటే భయం. లేదు అని విన్నప్పుడల్లా ఆ గడిలో నేను సున్నా రాసేదాన్ని.

ఒక ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. ఆయన భార్య నేను వెళ్ళినప్పుడల్లా మరమరాలూ ఉల్లిపాయా కలిపి పెట్టేది. ఆ రోజు మేడమ్ కొంచెం దూరంలో పడవ దగ్గర ఫోటోలు తీసుకుంటోంది. ఆయన వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా, నా కొండ ఒరియాను అనుకరిస్తున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"ఒకటి చచ్చిపోయిందమ్మా. పోయిన నెల. పొద్దున్నే వెళ్ళి వల తీస్తే చుట్టుకుని ఉంది. పైకి రాలేక ఊపిరాడక పోయింది. చిన్నది. రెల్లు దిబ్బ మీద పాతిపెట్టాం. నా భార్య రెండు రోజులు అన్నం తినలేదు." ఆగి, మేడమ్ వైపు చూశాడు. "నీకు చెప్పాను. ఆవిడకు చెప్పకు."

మేడమ్ వచ్చి, "ఏమంటున్నాడు?" అనడిగింది.

"ఏమీ లేదు. ఈ ఏడాది పడలేదట" అన్నాను. సున్నా వేశాను.

నాలుగు రోజులు ఆ సున్నా నన్ను వదల్లేదు. మేడమ్ ఆ కాయితాలన్నీ ముందేసుకుని, ఆ వైపు ఊళ్ళలో ఒక్క మరణం కూడా లేదని సంతోషపడింది. అక్కడ వలలు మార్చాల్సిన అవసరం లేదేమో, వేరే చోట చూద్దాం అంది. అప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను.

మేడమ్ కోప్పడలేదు. ఆ కాయితం నా ముందుకు జరిపింది. "నువ్వు అతని మాట నాకు చెబుతున్నావా, లేక ఏది చెప్పాలో నువ్వే తీర్పు ఇస్తున్నావా?" అంది. "ఈ కాయితంలో పేరు రాసే గడి ఉందా? చూడు. లేదు. చెప్పినవాళ్ళకు ఇబ్బంది రాకూడదనే పెట్టలేదు."

నేను అప్పుడు చేయాల్సిన పని ఒకటి ఉంది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళి, చెప్పేశాను, ఇలా జరగబోతోంది అని ఆయనకు తెలియజేయాల్సింది. వెళ్ళలేదు. పని ఉందని వెళ్ళకపోవడం కాదు. ఆయన మొహం ఎలా మారుతుందో నాకు ముందే తెలుసు, అది చూసే ధైర్యం లేకపోయింది.

మేడమ్ నియమం ప్రకారం అటవీశాఖకు కబురు పెట్టింది. దిబ్బ మీద డాల్ఫిన్ కళేబరం ఉంది, ఎవరు పాతారో తెలియదు అని చెప్పింది. గార్డు ఒకాయన వచ్చాడు. అందరం దిబ్బ మీదికి వెళ్ళి తవ్వాం. వాసనకు కళ్ళు మండాయి. లేత ఆడ డాల్ఫిన్. మేడమ్ టేపు నా చేతికిచ్చి, "కొలువు, నేను రాస్తాను" అంది. అంతవరకూ నేను మాటలే మోశాను. తల కొసనుంచి తోక చీలిక దాకా టేపు పట్టి కొలిచాను. పళ్ళు లెక్కపెట్టాను. దాని వీపు రెక్క నా బొటనవేలూ చూపుడువేలూ చాచినంత కూడా లేదు. ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు, చేతులు మాత్రం చాలా జాగ్రత్తగా కదిలాయి.

కేసేమీ కాలేదు. గార్డు రెండు రోజులు ఆ ఊళ్ళో అటూ ఇటూ తిరిగి, ఒకరిద్దర్ని అడిగి వెళ్ళిపోయాడు. కాని ఆ రెండు రోజులే చాలు. దిబ్బ సంగతి ఎవరికి తెలుసో, ఎవరు చెప్పి ఉంటారో ఊరంతటికీ అర్థమైంది.

తర్వాతి వారం నేను వెళితే ఆయన వాకిట్లోనే ఉన్నాడు. పలకరించాను. వల మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. తలుపు దగ్గరగా వేసింది. పక్కింటివాళ్ళు నేనడిగినదానికి "తెలియదు" అన్నారు. పక్క ఊళ్ళోనూ అదే మాట. నెల తిరిగేసరికి నన్ను చూసి నవ్వేవాళ్ళు లేరు, ఆటపట్టించేవాళ్ళు లేరు.

పడవాయన ఒక్కడే నాతో మామూలుగా ఉండేవాడు. ఒకరోజు ఇంజను ఆపి, వెదురు గడతో పడవను తోస్తూ అన్నాడు: "నిజం చెప్పడం తప్పు కాదమ్మా. కాని ఆయన చెప్పింది నీకు."

"తెలుసు" అన్నాను.

"తెలిస్తే సరే." ఆ తర్వాత ఆయన ఆ ప్రస్తావన తేలేదు.

నాతో ఎవరూ మాట్లాడనప్పుడు మాట తిప్పి చెప్పే మనిషిగా నేను దేనికీ పనికిరాను. మేడమ్ ఇంకొకర్ని చూసుకుంది, నన్ను మాత్రం పంపేయలేదు. "మాటలు వద్దు. పడవ ముందు కూర్చుని నీళ్ళు చూడు" అంది. అలా నేను డాల్ఫిన్ల పరిశోధనలోకి వచ్చాను. ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే, వాటి మీద ఇష్టంతో అని చెబుతుంటాను. అందులో సగమే నిజం.

సర్వే పడవ మీద మాట్లాడకూడదు. ఒకరు ఎడమ వైపు, ఒకరు కుడి వైపు. గంటల తరబడి బూడిదరంగు నీళ్ళు. చాలాసార్లు డాల్ఫిన్ కంటికి కనపడకముందే ఊపిరి వినపడుతుంది. వెనకనుంచి ఎవరో ఉఫ్ అని ఊదినట్టు ఉంటుంది. తిరిగేలోపు వీపు మునిగిపోతుంది, వలయాలు మిగులుతాయి. టైము రాసుకోవాలి, దూరం అంచనా వేసుకోవాలి, మళ్ళీ చూడాలి. ఆ పని నాకు బాగా వచ్చింది. ఎవరూ పిలవని చోట కూర్చుని వినడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. పీహెచ్‌డీలో చేరాను. ఈత నేర్చుకున్నాను, అదీ నడుం లోతు నీళ్ళలో పడవాయన గట్టు మీద కూర్చుని కేకలేస్తుంటే.

మధ్యలో ఒకసారి మూడు వారాలు సముద్రం మీద పెద్ద ఓడలో సర్వేకు పంపారు. ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే డ్యూటీలో ఉండగా తిమింగలం లేచింది. నల్లటి పొడుగాటి వీపు తిరుగుతూ తిరుగుతూ ఎంతకీ అయిపోదు. చివర్న కొడవలిలాంటి చిన్న రెక్క. తర్వాత నీళ్ళ మీద నూనె పోసినట్టు నున్నటి మచ్చ. ఫారం నింపాను. ఎవరికైనా చెప్పాలి. ఫోనుకు సిగ్నలు లేదు. కిందికి వెళ్ళి వంటాయనకు చెప్పాను. ఆయన భీమిలి వైపు మనిషి.

"సూసినారా? మరి నన్ను పిలవలేదేటండి?" అన్నాడు. గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇరవయ్యేల్లనుండి ఈ ఓడల మీదే వొండతన్నాను. ఒక్కటి సూల్లేదు."

పిలవాలని నాకు తోచనేలేదు.

వానాకాలం చిలికాలో పడవలు సరిగ్గా తిరగవు. ఆ మూడు నెలలూ ముంచింగిపుట్టు వచ్చేస్తాను. నాన్న ఇంకా అదే స్కూల్లో, అదే క్వార్టర్లో ఉన్నాడు. ఏడాదంతా తీసిన వీపు రెక్కల ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో పెట్టుకుని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తాను. రెక్క అంచున గాట్లూ మచ్చలూ బట్టి ఏది ఏదో తెలుస్తుంది. కరెంటు పోతే, బ్యాటరీ అయ్యేదాకా. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తాను. ఎదుటి కొండ మబ్బులో ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు.

నిరుటి వానల్లో థీసిస్ పూర్తయి ఒక కాపీ ఇంటికి తెచ్చాను. నాన్న పెన్సిలు తీసుకుని వరండాలో కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టే మొదటి పేజీనుంచి చదివాడు. వారం పట్టింది. అక్కడక్కడా ఇంగ్లీషు దిద్దాడు. వలల్లో మరణాల అధ్యాయం దగ్గర ఆగాడు. నాతో మాట మానేసిన ఆ జాలరి సంగతి నాన్నకు ఒకసారి చెప్పాను. ఆ అధ్యాయంలో ఒక లేత ఆడ డాల్ఫిన్ కొలతలున్నాయి, ఏ ఊరో లేదు, ఎవరో లేదు.

"ఇది ఆయనదేనా?" అన్నాడు.

"ఆ."

"మల్లా ఎల్లావా?"

"రెండుసార్లు వెళ్ళాను నాన్నా. మాట్లాడలేదు."

"మూడోసారి ఎల్లు" అన్నాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని వాన కేసి చూశాడు. "అమ్మ పోయినప్పుడు నన్ను పలకరించడానికి మా అన్నయ్య వొచ్చాడు. నాకెందుకో కోపం, మాట్లాడలేదు. మల్లా రాలేదు వాడు. నాలుగోసారో అయిదోసారో వొస్తే మాట్లాడేవాణ్ణేమో."

నాన్న నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. నేను టీ పెట్టడానికి లేచాను.

వానలు తగ్గాక చిలికా వెళ్ళి, పడవాయనను అడిగి ఆ ఊరికి తీసుకెళ్ళమన్నాను. కాయితాలు పట్టుకెళ్ళలేదు. దార్లో ఏమని మొదలుపెట్టాలో మనసులో చాలాసార్లు కూర్చుకున్నాను. ఇంటికి తాళం వేసి ఉంది. వాకిట్లో గడ్డి మొలిచింది. వల ఆరేసే కర్రలు లేవు.

పక్కింటామె బయటికొచ్చింది. నన్ను గుర్తుపట్టింది, మొహం తిప్పుకోలేదు. "సూరత్ పోయారు. పోయిన చలికాలమే. మిల్లులో పని దొరికిందట, పిల్లల్ని కూడా తీసుకెళ్ళారు. ఇక్కడ చేప ఎక్కడుంది?" అంది.

"మళ్ళీ వస్తారా?"

"రథయాత్రకు వస్తారేమో. ఏమైనా చెప్పమంటావా?"

దార్లో కూర్చుకున్నవి ఆమెతో చెప్పి పంపే మాటలు కావు. "నేను వచ్చానని చెప్పండి" అన్నాను. ఆమె తలూపి, కాసిని మంచినీళ్ళు ఇచ్చింది. తాగి పడవెక్కాను.

ఈ ఏడు రథయాత్రకు వాళ్ళు ఊరికి వచ్చారో లేదో నాకు తెలియదు. ఆ రోజులు వానలు దిగే రోజులు. అప్పటికే నేను కొండ మీద నాన్న దగ్గరికి వచ్చేసి, రెక్కల ఫోటోలు చూసుకుంటున్నాను.